కొబ్బరి మట్ట మండే పొయ్యి: ఉద్దానం నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి 19, ఆదివారం

సంక్రాంతికి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. నాలుగు రోజులపాటు అమ్మ పదకొండు మందికి వండింది. పిండివంటలు గ్యాసు మీద, అన్నం, పప్పు, స్నానాలకు వేణ్ణీళ్లు వంటపాకలో రాళ్ల పొయ్యి మీద. కనుమ నాడు మధ్యాహ్నం కళ్లు చింతనిప్పుల్లా చేసుకుని బయటికొచ్చి అరుగు మీద కూలబడింది. "ఏటే, ఎవులేటన్నారు? ఏడుస్తన్నావా?" అని మా మేనత్త కంగారుపడింది. "ఎవులూ ఏటన్నేదు, పచ్చి మట్ట ఎట్టినాను" అంది అమ్మ.

నేను పలాస, కాశీబుగ్గల్లో జీడి ఫ్యాక్టరీల యంత్రాలు బాగుచేస్తాను. ఊళ్లో ఎవరి బాయిలర్ పొగ ఎక్కువ కక్కినా నాకే ఫోను వస్తుంది. ఇంట్లో పొయ్యి నలభై ఏళ్లుగా పొగ కక్కుతుంటే ఒక్కసారి కూడా మూత తీసి చూడలేదు. సిగ్గుపడి మొదలుపెట్టిన పని ఇది.

గ్యాసు లేదా అని అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. ఉంది. దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ఆ పథకం మొదలైంది కూడా మా శ్రీకాకుళం జిల్లాలోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో, 2024 నవంబరు 1న. మూడంటే నాలుగు నెలలకొకటి. ఐదుగురున్న మా ఇంట్లో వంటంతా గ్యాసు మీద చేస్తే సిలిండరు నెలన్నరకు మించి రాదు. అందుకని అమ్మ గ్యాసును టీకి, కూరకు, చుట్టాలకు దాస్తుంది. అన్నం, చోడి (రాగి) అంబలి, వేణ్ణీళ్లు, పనసపొట్టు ఉడకబెట్టడం అన్నీ కర్రల మీదే. పెరట్లో ఇరవై కొబ్బరి చెట్లు, వెనక జీడితోట. మట్టలు, డొక్కలు, చిప్పలు, జీడి కొమ్మలు ఊరికే వస్తాయి. ఊరికే వచ్చేదాన్ని వదులుకోమని నేను చెప్పను, చెప్పినా అమ్మ వినదు.

జనవరి 26

ముందు పాత పొయ్యిని కొలవాలి. లేకపోతే కొత్తది బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

పద్ధతి సులువే. 28 సెంటీమీటర్ల సత్తు డేకిసాలో 5 లీటర్ల నీళ్లు. కర్రలు ముందే తూచి పెట్టుకోవాలి. నీళ్లు మరిగేదాకా కాచి, మిగిలిన కర్రలు, మిగిలిన బొగ్గు, తగ్గిన నీళ్లు మళ్లీ తూచాలి. తూకానికి జీడిపప్పు తూచే ఎలక్ట్రానిక్ కాటా, వేడి చూడ్డానికి బాయిలర్ పనికి వాడే థర్మామీటరు. పరీక్షలకు మాత్రం బాగా ఎండిన సరుగుడు చీలికలే వాడతాను. మట్టలైతే ఒకటి లావు, ఒకటి సన్నం, లెక్క కుదరదు.

ఈరోజు వచ్చిన అంకెలు: కర్ర 1.15 కిలోలు, బొగ్గు మిగిలింది 70 గ్రాములు, ఆవిరైన నీళ్లు 400 గ్రాములు, పట్టిన సేపు 22 నిమిషాలు. నీళ్లు 27 డిగ్రీల నుంచి మరిగేదాకా రావడానికి సుమారు 1,530 కిలోజౌళ్లు, ఆవిరికి ఇంకో 900. కర్రలో ఉన్న వేడిని కిలోకు 16 వేల కిలోజౌళ్లని వేసుకుని, బొగ్గులో మిగిలింది తీసేస్తే, గిన్నెకు చేరింది వందకు 15 వంతులు. మిగతా 85 గోడలకు, గాలికి, అమ్మ మొహానికి.

పాకలో ఇలా చేసే లెక్క ల్యాబ్ లెక్క కాదు. కానీ ఒకే చేత్తో, ఒకే గిన్నెతో కొలిస్తే పొయ్యికీ పొయ్యికీ తేడా మాత్రం తెలుస్తుంది.

ఫిబ్రవరి 2

మొదటి పొయ్యి కట్టాను. పుట్టమన్ను, ఊక, పేడ కలిపి రెండు రోజులు తొక్కి, జానెడు మందాన గోడలు లేపాను. లోపల గుండ్రటి గది, ముందు నోరు, పైన గిన్నెకు మూడు బుడిపెలు. అలికి, ముగ్గు కూడా వేయించాను. ఊళ్లో నలుగురు వచ్చి చూసి వెళ్లారు. మందపాటి గోడ వేడిని బయటికి పోనివ్వదు కదా అని నా ధీమా.

ఫిబ్రవరి 9

ధీమా మంటలో కలిసింది. వారం ఆరనిచ్చి ఈరోజు కొలిచాను. కర్ర 1.2 కిలోలు. సమయం 34 నిమిషాలు. లెక్క వందకు 13 దగ్గర తేలింది. మూడు రాళ్ల కన్నా తక్కువ!

"పొయ్యి కట్టమంటే గోడ కట్టినావు. అదే కూకుని తినేస్తంది" అంది అమ్మ.

తినేస్తోందన్నమాట నిజమే. సాయంత్రం కూర్చుని లెక్కేస్తే కనబడింది. నేను వాడిన మట్టి దగ్గర దగ్గర 80 కిలోలు. ఎండిన మట్టి కిలోకు ఒక డిగ్రీ పెరగాలంటే 0.9 కిలోజౌళ్లు కావాలి. గోడంతా సగటున 60 డిగ్రీలు వేడెక్కిందనుకున్నా 4,300 కిలోజౌళ్లు. ఐదు లీటర్ల నీళ్లు మరగడానికి కావాల్సినదానికి దాదాపు మూడు రెట్లు పొయ్యే మింగింది. ఆ వేడి తర్వాత తిరిగి వస్తుంది, నిజమే. కానీ ఎప్పుడు? వంట అయిపోయి అందరం తిని పడుకున్నాక. పొద్దున చూస్తే పిల్లి దాని మీద ముడుచుకుని నిద్రపోతోంది. ఆ పొయ్యి వల్ల సుఖపడింది అదొక్కటే.

మట్టి బరువుగా ఉంటుంది కాబట్టి వేడిని తాగుతుంది. వేడిని ఆపేది మందం కాదు, లోపల ఇరుక్కున్న గాలి. జీడి బాయిలర్‌కు చుట్టే దూదిలాంటి ఉన్ని నా చేతులతో ఎన్నిసార్లు చుట్టాను! ఇంట్లోకి వచ్చేసరికి ఆ తెలివి చెప్పుల దగ్గరే వదిలేసినట్టున్నాను.

ఫిబ్రవరి 12

నూనె డబ్బా కోసి, మోచేయి ఆకారంలో లోపలి గది చేసి చూశాను. మంట అదిరింది. కానీ ఇలాంటి రేకు నిప్పులో నెలలు నిలవదని బాయిలర్ తలుపులు మార్చే నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఆకారం మంచిదే, సరుకు మార్చాలి.

ఫిబ్రవరి 16

ఆ ఆకారం నాది కాదు. అమెరికాలో ఒరెగాన్‌లోని అప్రొవెచో పరిశోధన కేంద్రంలో లారీ వినియార్స్కీ అనే ఆయన 1980ల్లో దీన్ని తీర్చిదిద్దాడు. రాకెట్ స్టవ్ అంటారు. ఇంగ్లీషు ఎల్ అక్షరంలా అడ్డంగా ఒక నోరు, దాని చివర నిలువుగా ఒక గొట్టం, చుట్టూ తేలికైన ఇన్సులేషన్. కర్ర కొస మాత్రమే మండుతుంది. నిలువు గొట్టం గాలిని లాగుతుంది. గోడలు వేడిగా ఉండడం వల్ల పొగ కూడా గిన్నెను తాకకముందే మండిపోతుంది. పొగంటే కాలని కట్టే కదా.

మన దగ్గర ఈ ఆలోచన కొత్తదేం కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చి లేబరేటరీలో ఎస్.పి. రాజు 1950ల్లోనే పొగగొట్టంతో పొయ్యి రూపొందించాడు. 1980ల్లో కేంద్ర ప్రభుత్వం పొగలేని పొయ్యిలని దేశమంతా కట్టించింది, 2002 దాకా ఆ కార్యక్రమం నడిచింది. మా నాయనమ్మకూ ఒకటి వచ్చింది. రెండు గిన్నెల పొయ్యి, వెనక గొట్టం. రెండో గిన్నెలో నీళ్లు ఎప్పటికీ గోరువెచ్చనే దాటేవి కావని అమ్మ చెబుతుంది. గొట్టం మసితో పూడుకుపోయాక తీసి శుభ్రం చేసే నాథుడు లేడు. చివరికి దాని మీద ఉప్పు కుండ పెట్టుకున్నారు. ఈ కథ నేను మర్చిపోకూడదని ఇక్కడ రాసుకుంటున్నాను.

పొగగొట్టం పెట్టాలా వద్దా అన్నది కూడా ఇవాళే తేల్చేశాను. వద్దు. మా వంటపాకకు తాటాకు కప్పు. వేడి గొట్టం అందులోంచి పోనిస్తే ఏదో ఒకరోజు పాకే అంటుకుంటుంది. పైగా ఈ తీరంలో గాలికి నిలబడేది ఏదైనా ఒకటికి రెండుసార్లు ఆలోచించి పెట్టాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ పక్కనే తీరం దాటింది. పొద్దునకి ఊళ్లో కప్పులు లేవు, కొబ్బరి చెట్లు చేల నిండా పడున్నాయి. ఆ తర్వాత ఏడాదికి పైగా ఊరంతా పడిపోయిన చెట్లనే వంటచెరుకు చేసుకున్నారు. పెంచిన చెట్టును పొయ్యిలో పెట్టేటప్పుడు నాన్న అటు చూసేవాడు కాదు.

గొట్టం బదులు పాక వెనకగోడలో, కప్పు కింద, రెండడుగుల సందు తీస్తాను.

మార్చి 9

మూడు వారాలు ఇటుకల మీదే పోయాయి. మందస వైపు కుండలు కాల్చే తాత ఒకరున్నారు. బంకమన్నులో సగానికి సగం ఊక కలిపి ఇటుకలు చేసి ఇమ్మంటే ముందు నవ్వేశాడు. "బాబూ, ఊక కాలిపోద్ది, నీ ఇటికిలో బొరియలే మిగుల్తాయి." "నాకు కావాల్సింది బొరియలే తాతా" అన్నాను. ఇంకా నవ్వాడు.

మొదటి విడత పన్నెండింటిలో ఏడు పగిలిపోయాయి. తప్పు నాదే. తొందరపడి ఎండలో ఆరబెట్టాను. పైన ఎండి లోపల తడి ఉండిపోయింది, ఆవంలో పెట్టగానే పెటపెటమన్నాయి. రెండో విడత తాత మాట విని నీడలో, గోనెపట్టా కప్పి, పది రోజులు ఆరనిచ్చాం. పదహారింటిలో పద్నాలుగు నిలిచాయి.

ఇటుక బాగుందో లేదో చూసే పద్ధతి పిల్లలకు తెగ నచ్చింది. బకెట్ నీళ్లలో వేయడమే. 20 సెంటీమీటర్ల పొడుగు, 12 వెడల్పు, 6 మందం ఉన్న మామూలు ఇటుక రెండున్నర కిలోల దాకా ఉంటుంది, బుడుంగున మునుగుతుంది. ఇదే కొలతలో మా ఊక ఇటుక 1.3 కిలోలు. నీళ్లు పీల్చుకునే లోపు కాసేపు తేలింది. ఇటుక తేలిందని వీధి వీధంతా వచ్చి చూశారు. రామసేతు అన్నారెవరో.

మార్చి 12

టెక్కలి వైపు ఒక రైసుమిల్లు నుంచి ఊక బూడిద రెండు బస్తాలు తెచ్చాను. డబ్బులు వద్దన్నారు, ఆటోకే వంద అయింది. ఇటుకల గదికి, బయటి గోడకు మధ్య ఇదే కూరతాను. చాలా తేలిక, వేడిని బాగా ఆపుతుంది. కానీ ఇది దాదాపు అంతా సిలికా. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. ముక్కుకు గుడ్డ కాదు, సరైన మాస్కు కట్టుకునే పోశాను. కొంచెం నీళ్లు చిలకరించి పోస్తే లేవదు. పొగ తగ్గించబోయి ఇంకో దుమ్ము తెచ్చిపెట్టడం నాకిష్టం లేదు. పైన మట్టితో బాగా మూసేశాను.

మార్చి 16

మూడో పొయ్యి. లోపలి గది 12 సెంటీమీటర్లకు 12, ఎత్తు 30. నోరు కూడా 12కు 12. అందులో కింది నుంచి 4 సెంటీమీటర్ల దగ్గర ఒక రేకు బల్ల. కర్రలు బల్ల మీద, గాలి బల్ల కింద.

ఇందులో మెలకువంతా ఒక్కటే: వేడిగాలి పోయే దారి ఎక్కడా ఇరుకవకూడదు, ఎక్కడా మరీ వదులవకూడదు. గది కొలత 144 చదరపు సెంటీమీటర్లు. గది పై అంచు చుట్టుకొలత 48. కాబట్టి అంచుకూ గిన్నె అడుక్కూ మధ్య 3 సెంటీమీటర్ల సందు ఉండాలి. గిన్నె చుట్టుకొలత 88. గిన్నె చుట్టూ రేకు పట్టీ పెడితే దానికీ గిన్నెకూ మధ్య 1.6 సెంటీమీటర్లు. అంతకన్నా తగ్గితే మంట వెనక్కి తంతుంది, పొగ నోట్లోంచి వస్తుంది. పెరిగితే వేడి గిన్నెను పలకరించకుండానే వెళ్లిపోతుంది.

పట్టీ లేకుండా: కర్ర 620 గ్రాములు, లెక్క 24. పట్టీతో: కర్ర అరకిలో, 17 నిమిషాలు, లెక్క దాదాపు 29. మన ప్రమాణాల సంస్థ ఐఎస్ 13152లో ఫ్యాను లేని పొయ్యికి అడిగేది కనీసం 25. అది ల్యాబ్‌లో అడిగేది, నాది పాకలో కొలిచింది, ఆ తేడా తెలుసు. అయినా ఆ రాత్రి రెండుసార్లు లేచి వెళ్లి పొయ్యిని చూసొచ్చాను.

మార్చి 18

అమ్మకు అప్పగించాను. రెండు రోజులకే రేకు పట్టీ తీసి పెరట్లో కోళ్ల గంప మీద బరువు పెట్టింది.

"అన్నం ఎలగ వార్చాలిరా?"

నేను నీళ్లు కాచుకుంటూ కూర్చున్నాను, ఆవిడ అన్నం వండుతుంది. అన్నం ఉడికాక సిబ్బి పెట్టి, గుడ్డతో గిన్నెను రెండు పక్కలా పట్టుకుని వంచి గంజి వార్చాలి. నా పట్టీ గిన్నె అంచు దాకా ఉంది. వేలు పెట్టే చోటు లేదు. మొదటిరోజు పట్టుకోబోయి వేళ్లు కాల్చుకుంది, నాకు చెప్పనే లేదు. నేను చూసింది రెండోరోజు బొబ్బని.

ఇంకోటి, ఎత్తు. పీట మీద కూర్చుంటే గిన్నె మూతి ఆవిడ కళ్ల ఎత్తున ఉంది. లోపల ఏముందో చూడాలంటే లేవాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషి అన్నం చూడ్డానికి ఆరుసార్లు లేచింది. పీట ఎత్తుది చేయిస్తానంటే "నాను పొయ్యికి ఒంగాలా, పొయ్యి నాకు ఒంగాలా?" అంది. దీనికి నా దగ్గర సమాధానం లేదు.

మార్చి 30

ఉగాది. పచ్చడి తిని, లెక్కల పుస్తకం తెరిచాను. వారం రోజులుగా ఇంకో కొలత మొదలుపెట్టాను. కర్రల బరువు కాదు, అమ్మ నిమిషాలు. రోజుకు పొయ్యి కోసం ఆవిడ ఎంతసేపు ఖర్చుపెడుతోంది?

రాళ్ల పొయ్యికి: పొద్దున 55, రాత్రి 50. మొత్తం 105 నిమిషాలు పొయ్యి పక్కన.

నా పొయ్యికి: వంట 80 నిమిషాలు. బాగుంది కదా అనుకున్నాను. కానీ మట్ట మొదలు జానెడు వెడల్పుంటుంది, నా నోరు 12 సెంటీమీటర్లు. పట్టదు. దాంతో రోజూ సాయంత్రం కత్తిపీట ముందేసుకుని మట్టలు నిలువునా చీలుస్తోంది. అది 25 నిమిషాలు. కూడితే అదే 105.

కర్ర సగానికి తగ్గింది, నిజం. కానీ మా ఇంట్లో కర్రకు కొదవ లేదు. కొదవ ఉన్నది ఆవిడ ఓపికకు. సరుగుడు చీలికలతో పరీక్ష పెట్టి, సరుగుడు పొయ్యి కట్టి, మట్టలు కాల్చే మనిషికి ఇచ్చాను. నా పని తగ్గించడానికొచ్చి నాకు కొత్త పని చెప్పినావని ఆవిడ నవ్వుతూనే అంది. నవ్వుతూ అన్నందుకే ఎక్కువ తగిలింది.

ఏప్రిల్ 6

శ్రీరామనవమి. పానకం, వడపప్పు, చలిమిడి. పొయ్యి అక్కర్లేని పండగ, కాబట్టి పొయ్యి విప్పడానికి మంచిరోజు.

మట్ట గుండ్రం కాదు, బల్లపరుపు. మరి నోరు చదరంగా ఎందుకుండాలి? కావాల్సింది 144 చదరపు సెంటీమీటర్లే. 18 వెడల్పు, 8 ఎత్తు పెట్టినా అదే 144. పైన ఐదున్నర మట్టలకు, కింద రెండున్నర గాలికి. లోపలికి పోయేకొద్దీ 12కు 12గా సన్నబడుతుంది. 18 సెంటీమీటర్ల నోటి మీద కప్పుకు మామూలు ఇటుక చాలదు, తాత చేత 26 పొడుగున్న ఇటుక ఒకటి చేయించాను. ఇనప పట్టీ పెడితే పొరలు పొరలుగా రాలిపోతుంది.

ఎత్తు కోసం గదిని 30 నుంచి 24కు తగ్గించాను. పొయ్యిని నేలలోకి ఆరు వేళ్లు దించి, ముందు బూడిద తీయడానికి చిన్న గుంట పెట్టాను. గది తగ్గితే పొగ మండే చోటు తగ్గుతుంది, కొంత పొగ పెరుగుతుందని తెలుసు. తెలిసే చేశాను.

రేకు పట్టీని గిన్నెలో మూడో వంతు ఎత్తుకే కోసి, చేతులు వచ్చేచోట రెండు పక్కలా పెద్ద గాట్లు పెట్టాను. 29 రాలేదు, 26 వచ్చింది. చాలు. గంజి వార్చుకోవచ్చు.

ఏప్రిల్ 13

కొబ్బరి మట్టలతో అసలు సమస్య ఇప్పుడు తెలిసింది. అవి గడ్డిలా అంటుకుంటాయి, త్వరగా కాలిపోతాయి. మూడు నిమిషాలకోసారి లోపలికి తోస్తూ ఉండాలి. పక్కన మనిషి ఉండాల్సిందే. నేను బల్ల వాలు మార్చి, కింద గోళీలు పెట్టి, స్ప్రింగు పెట్టి ఏవేవో ప్లాన్లు గీస్తున్నాను. స్ప్రింగు అనగానే అమ్మ లేచి పెరట్లోకి పోయి ఒక జీడి పంగకర్ర తెచ్చి పొయ్యికి నాలుగడుగుల దూరంలో నేలలో గుచ్చింది. మట్ట తోక దాని మీద పెట్టింది. తోక ఎత్తు, నోరు పల్లం. కొస కాలుతుంటే మట్ట తన బరువుకు తానే కొంచెం కొంచెం జారుతోంది. అన్నిసార్లూ జారదు, ఈనెల మొదళ్లు తగులుకుంటాయి, కత్తితో నున్నగా చెక్కి పెట్టాలి. అయినా మూడు నిమిషాల పని తొమ్మిది పది నిమిషాలకోసారి అయింది.

స్ప్రింగు బొమ్మ ఉన్న కాగితంతో పొయ్యి ముట్టించాం.

ఏప్రిల్ 20

ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు గాల్లో సన్నటి దుమ్మును కొలిచే చిన్న సెన్సర్ తెచ్చాడు. చవకది. అంకెల్ని తు.చ. తప్పకుండా నమ్మలేం, ఇదీ అదీ పోల్చుకోవడానికి పనికొస్తుంది. అమ్మ కూర్చునే చోట మొహం ఎత్తులో కట్టాం.

రాళ్ల పొయ్యి ముట్టించిన రెండు నిమిషాలకే అంకె ఘనమీటరు గాలికి వెయ్యి మైక్రోగ్రాములు దాటి అక్కడే నిలబడిపోయింది. దాని చూపు అంతవరకే. కొత్త పొయ్యి మంట కుదిరాక 250, 300 మధ్య ఆడింది. వెనకగోడ సందు మూసి చూస్తే 500 దాటింది. అంటే పొయ్యి చేసిన మేలులో మంచి భాగం ఆ గోడ సందుదే. గడ్డపార, అరగంట. ఇది ముందే చేసి ఉంటే జనవరి నుంచి ఆవిడ కళ్లు కొంతైనా బాగుపడేవి.

ముట్టించేటప్పుడు, కొత్త మట్ట పెట్టినప్పుడు కొత్త పొయ్యి కూడా వెయ్యి తాకుతోంది. పచ్చి మట్ట పెడితే ఏ పొయ్యీ ఏం చేయలేదు. మన దేశంలో ఇరవై నాలుగు గంటల సగటుకు పెట్టుకున్న హద్దు 60. కాబట్టి దీన్ని పొగలేని పొయ్యి అని ఎవరన్నా నేను ఒప్పుకోను. పొగ తక్కువ పొయ్యి, అంతే. పసిపిల్లలున్న ఇళ్లలో అయితే గ్యాసే వాడమని చెబుతున్నాను.

ఏప్రిల్ 27

పక్కింటి వదిన తనకూ ఒకటి కట్టమంది. కట్టాను. వారానికే గొడవ. "మరిదీ, నీ పొయ్యి సచ్చిపోనాది" అని కబురు.

వెళ్లి చూస్తే గది లోపలంతా తారు పూసినట్టు నల్లటి జిగురు. పాకలో ఘాటు, గొంతు పట్టేసింది. జీడిపిక్కల తొక్కలు వేసింది! పలాసలో వాటికేం కరువు, బస్తాల్లో దొరుకుతాయి. అవి బాగా మండుతాయి కూడా, ఎందుకంటే వాటి నిండా నూనె. ఆ నూనె తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. దాని పొగ ఇంట్లో పీల్చేది కాదు. ఫ్యాక్టరీల్లో బాయిలర్‌లో కాలుస్తారంటే అక్కడ మంట వేడి వేరు, పైన పొడుగాటి చిమ్నీ ఉంటుంది. పద్దెనిమిదేళ్లు ఆ తొక్కల మధ్య తిరిగినవాణ్ణి, ఈ ఒక్క మాట ఆమెకు ముందే చెప్పాలని నాకు తట్టలేదు. నాకు తెలిసింది అందరికీ తెలుసనుకున్నాను.

గది విప్పి, ఇటుకలు మళ్లీ కాల్చి, మళ్లీ కట్టాను. నోటి పక్కన మట్టి తడిగా ఉండగానే జీడిపిక్క బొమ్మ గీసి అడ్డంగా కొట్టేశాను. వదినకు చదువు రాదు, బొమ్మ అర్థమైంది.

ఖర్చు కూడా ఆమే అడిగింది. ఇటుకలు పద్నాలుగు, ఒక్కోటి పదిహేను రూపాయలు, పొడుగు ఇటుక నలభై, రేకు నూట యాభై, ఆటో వంద, బల్లకు, గిన్నె కింద మూడు ఇనప ముక్కలకు ఓ వంద. మొత్తం ఆరువందలు. నా కూలి వేసుకోలేదు.

మే 11

వారం రోజులు రోజూ పొద్దున కర్రల కుప్ప తూచి పెట్టి, మర్నాడు మిగిలింది తూచాను. అమ్మకు ఏమీ చెప్పలేదు, ఎప్పటిలాగే వండుకోమన్నాను. రాళ్ల పొయ్యి రోజుల్లో రోజుకు 5 కిలోలు. ఇప్పుడు 3.1. నీళ్లు కాచే పరీక్షలో సగానికి పైగా తగ్గిన కర్ర, ఇంట్లో మూడో వంతుకు కొంచెం పైగా తగ్గింది. ఎందుకంటే పరీక్షలో నేను నీళ్లు మరగగానే కర్రలు లాగేస్తాను. ఆవిడ అన్నం దించాక ఆ మంట మీదే నీళ్లు పెట్టి కోళ్లకు మేత వేయడానికి పోతుంది. మంట ఎవరి కోసమూ కాకుండా కాసేపు కాలుతుంది. అది తప్పని నేననను, ఇల్లంటే అంతే.

నిమిషాలు: పొయ్యి పక్కన 60, కత్తి పని 8. నాకు ఈ అంకె ముఖ్యం.

తడి సంగతి కూడా ఒకటి కొలిచాను. అప్పుడే కొట్టిన సరుగుడు కొమ్మ కిలో తూచి ఎండలో పెడితే నాలుగు రోజులకు 780 గ్రాములైంది. ఆ 220 గ్రాముల నీళ్లను కూడా పొయ్యిలోనే మరిగిస్తున్నామన్నమాట, గిన్నెలో కాకుండా కర్రలో. పాకలో అటక బాగుచేయించాను. వానలు పడేలోపు నిండాలి.

మే 18

అమ్మ ఫిర్యాదు ఒకటి మిగిలింది. చోడి అంబలి కలిపేటప్పుడు గిన్నె తిరుగుతోంది. అన్నం కదిలించడం వేరు, చోడిపిండి కలపడం వేరు. తెడ్డు రెండు చేతులా పట్టుకుని తిప్పుతుంది, గిన్నె ఆ మూడు ఇనప ముక్కల మీద జారుతుంది. ఒక కాలు గిన్నెకు ఆనించి కలుపుతోంది, పొయ్యి ముందు ఇది ప్రమాదం. ఇనప ముక్కల కొసలు పైకి వంచి గిన్నె చెంపలకు ఆనేలా చేయాలి. ఆదివారం పని.

రాళ్ల పొయ్యి తీసేయలేదు. పెరట్లో, బావి పక్కన పెట్టుకుంది. పెద్ద డేకిసాలో స్నానాల నీళ్లు, పనసకాయలు దాని మీదే. నా పొయ్యి మీద ఆ డేకిసా కూర్చోదు, కూర్చోబెట్టినా 12 సెంటీమీటర్ల మంట దానికి చాలదు. దానికి వేరే కొలత కావాలి, 16కు 16 అయినా.

ఇంకో ముగ్గురు అడిగారు. వానలు మొదలైతే తాత ఆవం వెలిగించడు. రేపు పొద్దున్నే మందస వెళ్లి నలభై ఐదు ఇటుకలు చెప్పాలి. పొడుగువి మూడు చాలు, కానీ ఐదు చెబుతాను. ఆటోలో ఒకటైనా విరుగుతుంది.